గ్రీకు పఠనగ్రంథములును శాస్త్రపఠనధర్మమును

బ్రాహ్మధర్మము నవలంబించినవారిని ఇతరమతస్థులు తఱచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. మీకుఁ బ్రమాణగ్రంథ మేది? వైదికులకు వేదము గలదు. క్రైస్తవులకు బైబిలు గలదు. మహమ్మదీయులకు ఖురాను గలదు. మీరు మాత్రము ఒక తోఁటలో నొక పువ్వును, మఱియొక తోఁటలో నొక పువ్వును గోసి దండ గ్రుచ్చుకొనుచున్నారు. మీ మనస్సునకు నచ్చినది శాస్త్రము, నచ్చనిది కాదు. ఇట్టి యెన్నిక భక్తి యగునా, లేక స్వేచ్ఛావిహార మగునా? అని వారి యాక్షేపము.

ఈ యాక్షేపము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. 1850వ సంవత్సర ప్రాంతమున బ్రాహ్మసమాజము వేదములు దోషరహితములను సిద్ధాంతమును విడిచినది మొదలు దీనికి సమాధానము చెప్పవలసిన భారము మనమీఁద నున్నది. వాదముచేత సమాధానము చెప్పుటకంటె దృష్టాంతముచేతఁ జెప్పుట మేలని తలఁచి, మన సంప్రదాయమునకు మిక్కిలి దూరముగా నున్న యొక గ్రంథజాతిని ఈ పాఠమునఁ బరిశీలింపఁ బూనితిమి. అవి మధ్యయుగమునాఁటి గ్రీకు క్రైస్తవసంఘపు పఠనగ్రంథములు. తమ శాస్త్ర మంతయు దైవదత్తమని నమ్మిన ప్రాచీనసంఘ మొకటి ఆ శాస్త్రమును దేవాలయమునఁ జదువుకొనుటకు ఏమి చేసెనో తెలిసికొన్నచో, ఎన్నిక యనునది మన మొక్కరము చేసిన యపరాధము కాదని తేటపడును. అంతియకాక, మన యెన్నికలో నున్న లోపముకూడఁ దేటపడును.

పఠనగ్రంథ మనఁగా నేమి? సువార్తలను మొదటినుండి తుదవఱకు వరుసగా వ్రాసిన గ్రంథములు వేఱు, ఇవి వేఱు. సంవత్సరములో ఏ దినమున ఏ భాగము చదువవలెనో నిర్ణయించి, ఆ భాగములను ఆ దినముల వరుసనే కూర్చి వ్రాసినది పఠనగ్రంథము. సువార్తభాగములు గల దానిని గ్రీకులు ఎవాంగెలియోన్ అనియు, అపొస్తలుల కార్యములనుండియుఁ బత్రికలనుండియు నెన్నిన భాగములు గల దానిని అపోస్తొలోస్ అనియు వ్యవహరింతురు. నేఁడు లోకమున లెక్కకు వచ్చిన క్రొత్తనిబంధన గ్రీకు వ్రాఁతప్రతులు 5,000కు పైఁబడియున్నవి. అందు 2,000కు మించినవి ఇట్టి పఠనగ్రంథములే. అనఁగా మధ్యయుగపు గ్రీకుసంఘమున సామాన్యజనుఁడు క్రీస్తుచరిత్రను విన్నది ముఖ్యముగా నీ గ్రంథములవలననే గాని సంపూర్ణగ్రంథములవలనఁ గాదు.

వీనిలో నొకదానిని ఉదాహరణముగాఁ గైకొందము. లండనునగరమందలి బ్రిటిషు లైబ్రరీలో హార్లీ 5598 అను సంఖ్యగల పఠనగ్రంథ మొకటి కలదు. దానిని వ్రాసినవాఁడు కాన్‌స్టాంటైన్ అను పేరుగల యొక పురోహితుఁడు. వ్రాసి ముగించినది 995వ సంవత్సరము మే నెల. గ్రీకులు ఆ కాలమున సృష్ట్యాదినుండి సంవత్సరములు లెక్కించెడివారు. ఆ లెక్క ప్రకారము అది 6503వ సంవత్సరము. పదునేడవ శతాబ్దమునఁ గాన్‌స్టాంటినోపిలులోని ఆంగ్లేయ రాయబారికడ మతగురువుగా నుండిన జాన్ కోవెల్ అను పండితుఁడు దానిని సంపాదించెను. పిదప నది హార్లీ ప్రభువుల గ్రంథసంగ్రహమునఁ జేరి, 1753లో ఆ సంగ్రహముతోఁ గూడ బ్రిటిషు మ్యూజియమునకు వచ్చెను. వ్రాసినవానింగూర్చి ఆ పేరును, ఆ పదవియు, ఆ తేదియు మాత్రమే మనకు మిగిలినవి; అతని చేతిపని మాత్రము వేయేండ్లు దాటి నిలిచియున్నది.

ఆ గ్రంథమున 370కి పైఁబడిన పత్రములు గలవు. అవి కాగితములు గావు, చర్మములు. గొఱ్ఱెలయొక్కయు, మేఁకలయొక్కయు, దూడలయొక్కయుఁ జర్మములను సున్నపునీటిలో నానవేసి, వెండ్రుకలను గీఁకివైచి, చట్టములకు బిగించి యారవేసి, మరల గీఁకి నునుపుచేసి యట్టి పత్రములు సిద్ధపఱచెడివారు. మాచికాయల కషాయమున అన్నభేదిని గలిపి సిరా చేసెడివారు. ఇంత పెద్దగ్రంథమునకు ఒక చిన్నమందయంత జంతువుల చర్మములు వలసియుండును. తాటియాకును గంటమును నెఱిఁగిన మనకు, ఒక గ్రంథము పుట్టుటకు ఎంత శ్రమము, ఎంత వ్యయము, ఎందఱి చేతులు కావలెనో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. సీనాయి కొండయొద్ద నున్న పరిశుద్ధ కాథరిను మఠమందు, సుమారు 1000వ సంవత్సర ప్రాంతమున ఆద్యంతము బంగారు సిరాతో వ్రాయఁబడిన యొక పఠనగ్రంథ మిప్పటికిని భద్రముగా నున్నది. భక్తిగల సంపన్నులు తమ ధనమును వాక్యమునకై యెట్లు వెచ్చించిరో అది చూపుచున్నది.

వ్రాఁతయందుఁగూడ నొక విశేషము గలదు. తొమ్మిదవ శతాబ్దమునుండి గ్రీకు లేఖకులు గొలుసుకట్టుగా నుండు చిన్నవ్రాఁతను విరివిగా వాడసాగిరి. అది త్వరగా సాగును. చర్మము తక్కువ పట్టును. ఐనను పఠనగ్రంథములలో మాత్రము పదునొకండవ శతాబ్దమువఱకును పూర్వపు పెద్దయక్షరములను లేఖకులు విడువలేదు. కారణము స్పష్టము. ఈ గ్రంథము ఏకాంతమున నొక పండితుఁడు చదువుకొనునది కాదు. దీపపు వెలుఁగున, జనసమూహముముందు నిలిచి, యొకఁడు బిగ్గరగాఁ జదువవలసినది. కాన్‌స్టాంటైన్ పురోహితుఁడును 995లో అట్టి పెద్దయక్షరములనే యుపయోగించెను. చదువువాని కన్నునకు శ్రమము తగ్గిన వినువాని చెవికి మేలు కలుగునని ఆ లేఖకు లెఱుఁగుదురు.

ఇఁక నెన్నిక యెట్లు జరిగెనో చూతము. పఠనగ్రంథమునకు సామాన్యముగా రెండు భాగములుండును. మొదటిది పునరుత్థానపు పండుగనుండి యారంభమై, ఆ పండుగతోఁగూడ ఏటేట తిథులు మాఱుచుండు దినముల వరుస. రెండవది సెప్టెంబరు మొదటి తేదినుండి మొదలగు స్థిరదినముల వరుస. అందు సాధువుల స్మృతిదినములకుఁ దగిన భాగములుండును. పునరుత్థాన దినమున యోహాను సువార్తలోని మొదటి పదునేడు వచనములు చదువుదురు. ఆ దినమునుండి పెంతెకొస్తు పండుగవఱకు యోహానును, పిదప మత్తయిని, శరత్కాలమునుండి లూకాను చదువుదురు. మార్కు సువార్త ముఖ్యముగా ఉపవాసకాలపు శని యాదివారములకును, మఱికొన్ని సామాన్యదినములకును నిర్ణయింపఁబడినది. ఇట్లు నలుగురు సువార్తికులకును సమానమగు స్థానము లభింపలేదు. యోహాను ఉత్సవకాలపు వాణి. మార్కు ఉపవాసకాలపు వాణి. ఈ భేదము ఆ గ్రంథకర్తలు చేసినది కాదు, సంఘము చేసినది.

ఇంతకన్న నాశ్చర్యకరమగు సంగతి యొకటి గలదు. క్రొత్తనిబంధనలోఁ గడపటిదగు ప్రకటనగ్రంథమునుండి యొక్కభాగమైనను గ్రీకుసంఘపు సంవత్సరపఠనక్రమమునఁ జేరలేదు. ఆ గ్రంథము శాస్త్రము కాదని యా సంఘము త్రోసివేయలేదు. అది శాస్త్రములలోని దని యొప్పుకొనుచునే, దేవాలయమున దానిని చదువక విడిచినది. శాస్త్రమని యొప్పుకొనుట వేఱు, జనులకు వినిపింపఁదగినదని యెన్నుకొనుట వేఱు అను వివేకము అక్కడ నుండెనని మనము గ్రహింపవలెను.

ఒక భాగమును విడుచుట మాత్రమే కాదు, భాగములను గలిపి క్రొత్తమాల గ్రుచ్చుటయుఁ గలదు. క్రీస్తు తన శిష్యులతోఁ గడపటిభోజనము చేసిన గురువారపు ఆరాధనకు నిర్ణయింపఁబడిన పఠనము దీనికి నిదర్శనము. అది మత్తయి సువార్తతో మొదలగును. నడుమ యోహానునుండి గురువు శిష్యుల పాదములు గడిగిన కథ వచ్చును. మరల మత్తయి, మఱికొంతదూరమున లూకానుండి తోఁటలోని వేదన, తుదకు మరల మత్తయి. వినువారికి మాత్రము అది యొకే కథగా, ఎక్కడను అతుకు కనఁబడకుండ సాగిపోవును. మనలను జూచి యిక్కడ నొక పువ్వు, అక్కడ నొక పువ్వు గోయుచున్నారని యాక్షేపించువారు, ఆ దండ తమ పూర్వుల దేవాలయములలోనే వేయేండ్లుగా వ్రేలాడుచున్నదని తెలిసికొందురు గాక.

చదువువిధమునుగూర్చియు నొకమాట చెప్పవలెను. ఈ గ్రంథములలో అక్షరములకుఁ బైనను, క్రిందను, వాక్యముల తుదలను, సాధారణముగా నెఱ్ఱసిరాతో, చిన్నచిన్న గుర్తులు కనఁబడును. అవి స్వరచిహ్నములు. ఎక్కడ గొంతు హెచ్చింపవలెనో, ఎక్కడ తగ్గింపవలెనో, ఎక్కడ నాఁగవలెనో అవి చదువువానికిఁ దెలుపును. తొమ్మిదవ శతాబ్దమునుండి పదునైదవ శతాబ్దమువఱకు నున్న గ్రంథములలో నివి విరివిగాఁ గానవచ్చును. 1935లో కార్‌స్టెన్ హేగ్ అను డేనిషు పండితుఁడు వీనినిగూర్చి యొక ప్రత్యేకగ్రంథమును బ్రకటించెను. ఉదాత్తానుదాత్తస్వరితములను గుర్తులతో వ్రాసిన వేదపుస్తకములను జూచినవారికి ఈ యేర్పాటు క్రొత్తగాఁ దోఁపదు. వాక్యము అర్థముచేతనే కాక నాదముచేతఁగూడ హృదయమును జేరునని యిరువురును నమ్మిరి. ఐతే ఒక భేదము గలదు. వేదస్వరమును వినుట కధికారులు కొందఱే యని మన పూర్వులు నియమించిరి. గ్రీకు దేవాలయమునఁ బఠనవేదికమీఁదినుండి డీకను చదువుచుండఁగా స్త్రీలును, కూలివాండ్రును, బాలురును నిలువఁబడి వినెడివారు. చదువురాని వానికిఁగూడ శాస్త్రము చేరవలెనను నుద్దేశ మా గ్రంథముయొక్క ప్రతిపుటయందును గలదు. ఈ యొక్కగుణమునకై యేని మనము దానికి నమస్కరింపవచ్చును.

ఇఁక పరీక్షకుఁ బూనుకొందము. ఒక భాగమును దాని స్థానమునుండి విడఁదీసి చదువునపుడు, ఎవరు మాటలాడుచున్నారో, ఎప్పుడు మాటలాడుచున్నారో వినువారికిఁ దెలియదు. కావున ఆ కాలమున నని గాని, ప్రభువు చెప్పెనని గాని యర్థమిచ్చు రెండుమూఁడు పదములను భాగమునకు ముందు చేర్చుట యాచారమయ్యెను. కాలక్రమమున సంపూర్ణగ్రంథములను వ్రాయువారు, ఎన్నోమాఱులు దేవాలయమున విని చెవికి మరగిన యా పదములను మూలములోనివే యని తలఁచి తమ ప్రతులలోఁ జేర్చిరి. లూకా సువార్త యేడవ యధ్యాయపు ముప్పదియొకటవ వచనారంభమున నట్టి మాటలు కొన్ని చేరి, ముద్రిత గ్రీకుప్రతులలోనికిని, 1611వ సంవత్సరపు ఆంగ్లభాషాంతరములోనికిని వచ్చినవి. 1881లో ఆంగ్లభాషాంతరమును సంస్కరించిన పండితులు వానిని దీసివేసిరి. అట్లే మత్తయి సువార్తలో క్రీస్తు నేర్పిన ప్రార్థనయొక్క కడపట నున్న మహిమవాక్యము ప్రాచీనతమములగు ప్రతులలోఁ గానరాదు. ఆరాధనలో జనులు పలుకుచు వచ్చిన మాటలే గ్రంథమునఁ బ్రవేశించినవని పండితుల నిర్ణయము. శాస్త్రము సంఘమును జేసిన దనుట నిజమే. సంఘముకూడ శాస్త్రమును జేసిన దనుట అంతకుఁ దక్కువ నిజము కాదు.

ఇట్టి సంగతులు బయలుపడినప్పుడు భక్తులకు భయము పుట్టుట సహజము. 1707లో జాన్ మిల్ అను ఆక్స్‌ఫర్డు పండితుఁడు గ్రీకు క్రొత్తనిబంధనను ముద్రించి, తాను చూచిన ప్రతులలోని పాఠభేదములను సుమారు 30,000 చూపెను. శాస్త్రమే నిలుకడలేనిదైనచో మతమునకు దిక్కేమని పలువురు కలవరపడిరి. 1713లో ఆంథొనీ కాలిన్స్ అను స్వతంత్రచింతకుఁడు ఈ సంఖ్యను తన వాదమునకు సాధనముగాఁ జేసికొనెను. ఆ యేఁటనే రిచర్డ్ బెంట్లీ అను మహాపండితుఁడు ప్రత్యుత్తరము వ్రాసెను. ఆయన వాదముయొక్క సారాంశ మిది: ప్రతులు హెచ్చినకొలఁది భేదములును హెచ్చును, కాని ఆ ప్రతులే ఒకదాని దోషమును మఱియొకటి దిద్దుకొనుటకు సాధనములగును, ఒక్కప్రతియే మిగిలిన గ్రంథమున భేదములు లేవు గాని దోషములను దిద్దుకొను మార్గమును లేదు. బెంట్లీ క్రైస్తవుఁడు; పురోహితుఁడు. సత్యాన్వేషణమునకు భయపడని భక్తి యాయనయందుండెను. పరీక్ష భక్తికి శత్రువని తలఁచువారు ఈ దృష్టాంతమును మఱవరాదు.

ఐనను పాఠభేదములు కొన్ని హృదయమునే కదలించునవి గలవు. వ్యభిచారమునఁ బట్టుపడిన స్త్రీని జనులు క్రీస్తుముందు నిలిపిన కథ మన చదువరులలోఁ బెక్కుఱకుఁ దెలిసినదే. ఆమెను ఱాళ్లతోఁ గొట్టి చంపవలెనని వారు కోరఁగా, మీలోఁ బాపము లేనివాఁడే మొదటిఱాయి వేయవలెనని భావము వచ్చునట్లు ఆయన పలికెనఁట. పెద్దలు మొదలుకొని యొక్కొక్కఁడే వెడలిపోయెనఁట. ఈ కథ యోహాను సువార్త యెనిమిదవ యధ్యాయమున నున్నది. కాని ప్రాచీనతమములగు గ్రీకుప్రతులలో నిది లేదు. కొన్ని ప్రతులలో నిది లూకా సువార్తలో నొకచోఁ గానవచ్చును. తన కొక స్థిరమగు గృహము లేక, తలుపులు తట్టుచుఁ దిరిగిన కథ యిది.

పఠనగ్రంథము దీని నేమి చేసెను? పెంతెకొస్తు పండుగనాఁటి పఠనము యోహాను ఏడవ యధ్యాయమున మొదలై, ఈ కథను దాఁటి, ఎనిమిదవ యధ్యాయపు పండ్రెండవ వచనముతో ముగియును. మహోత్సవమున ఈ కథకు స్థానము లేదు. కాని స్థిరదినముల భాగమును ద్రిప్పిచూచినచో, అక్టోబరు ఎనిమిదవ తేదికి నిర్ణయింపఁబడిన పఠనము ఈ కథయే. అది పెలాగియా అను సాధ్వియొక్క స్మృతిదినము. ఆమె అంతియొకయ నగరమున నాట్యకత్తెగా జీవించి, పశ్చాత్తాపమునొంది, తపస్సునఁ గడపెనని ఐతిహ్యము. పండుగనాఁడు విడువఁబడిన కథ, తిరిగివచ్చిన యొక నాట్యకత్తె స్మృతిదినమున వాకిలి తెఱచుకొని లోపలికి వచ్చినది.

ఈ విషయముమీఁద మనము కొంత నిలువవలెను. ఆ కథ యోహాను వ్రాసినదా కాదా యని పండితులు నిర్ణయింతురు. వారి నిర్ణయమును మనము గౌరవింతుము. కాని అందలి దయ సత్యమా యసత్యమా యని నిర్ణయించుటకు ప్రతుల ప్రాచీనత చాలదు. దానికి సాక్షి మన యంతరాత్మయే. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారును భోగముమేళములను మానవలసినదని ఆంధ్రదేశమున బోధించిరి. శుభకార్యములలో మేళము పెట్టించినవారు గౌరవనీయులగు గృహస్థులు. నిందమాత్రము మేళమునకు వచ్చిన స్త్రీది. ఆ కథయందును స్త్రీ యొక్కతయే తీసికొని రాఁబడెను. ఆమెతోఁ బాపము చేసిన పురుషుఁ డెక్కడను గానరాఁడు. మేళమును నిషేధించుట సంస్కరణముయొక్క పూర్వభాగము. మేళమును విడిచిన స్త్రీకి నిలువ నీడను, చదువును, గౌరవమును గల్పించుట ఉత్తరభాగము. మనలో ననేకులు పూర్వభాగముతోనే తృప్తిపడిరి. ప్రాచీనప్రతులలో లేని యీ కథ మనకుఁ జేయుచున్న బోధ ఇది. దీనిని విని తలవంచుకొనువానికి దాని ప్రామాణ్యమునుగూర్చి సంశయ ముండదు.

ఇఁక మొదటి ప్రశ్నకు మరలి వత్తము. ఎన్నుకొనుట యపరాధమా? రాజా రామమోహనరాయలు 1820లో నాలుగు సువార్తలనుండి క్రీస్తుయొక్క నీతిబోధలను మాత్ర మెన్ని, అద్భుతములను, సిద్ధాంతవివాదములను విడిచి, ఒక పుస్తకముగాఁ గలకత్తాలో ముద్రింపించెను. శ్రీరామపురపు మిషనరీయగు జాషువా మార్ష్‌మన్ దానిని దీవ్రముగా ఖండించెను. రామమోహనుఁడు హీబ్రూ గ్రీకు మూలములను జూపుచు మూఁడుమాఱులు సమాధానము వ్రాసెను. కడపటిదానిని ముద్రించుటకు మిషను ముద్రణాలయమువారు నిరాకరింపఁగా, 1823లోఁ దన సొంతముద్రణాలయమున నచ్చువేయించెను. మహర్షి దేవేంద్రనాథుఁడు 1848 ప్రాంతమున ఉపనిషత్తులనుండి యెన్ని బ్రాహ్మధర్మమను గ్రంథమును గూర్చెను. 1866లోఁ గేశవచంద్రసేనుని నాయకత్వమున హిందూ, క్రైస్తవ, మహమ్మదీయ, పారసీక, చీనా మతగ్రంథములనుండి యెన్నిన శ్లోకసంగ్రహము వెలువడెను. ఇవన్నియు బ్రాహ్మసమాజపు పఠనగ్రంథములే.

ఐనను మనము న్యాయముగా మాటలాడవలెను. గ్రీకుసంఘపు టెన్నికకును మన యెన్నికకును భేదము గలదు. ఆ సంఘము తాను విడిచినదానిని అసత్యమని చెప్పలేదు. దినమునకుఁ దగినదానిని మాత్ర మేర్పఱచినది. రామమోహనుఁడు బుద్ధికిని, నీతికిని మూలమైనదానిని గైకొని, మిగిలినదానిని వివాదాస్పదమని విడిచెను. ఆ సంఘము పూర్వులయాజ్ఞ ననుసరించినది. మనము వివేకము ననుసరించితిమి. కావున వారి యాచారము మన సిద్ధాంతమును రుజువు చేయుచున్నదని మేము చెప్పము. అది రుజువుచేయున దొక్కటియే: శాస్త్రమును బిగ్గరగాఁ జదువుకొను ప్రతిసంఘమును, ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, ఎన్నుకొనుచునే యున్నది. ఎన్నిక తప్పదు, తప్పించుకొనఁదగినది ఎన్నికలోని స్వార్థము.

ఈ స్వార్థమును దప్పించుకొనుటకే మేము గ్రీకు పఠనగ్రంథమునుండి యొక పాఠము నేర్వఁగోరుచున్నాము. ఆ గ్రంథమున ఎన్నిక యొక్కసారి జరిగినది. పిదప సంవత్సరచక్ర మంతయు నది స్థిరముగా నుండెను. డీకను తనకు నచ్చిన భాగమును చదువఁజాలఁడు. ధనికుఁడు ముందువరుసలో నిలిచియున్న దినమున ధనమునుగూర్చిన కఠినవాక్యము వచ్చినచో నది చదువఁబడవలసినదే. కోపముతో నున్న సంఘమునకు క్షమనుగూర్చిన వాక్యము వచ్చినచో నది వినవలసినదే. మన సమాజములయందో? ఆచార్యుఁడు ఆ దినమునఁ దన మనస్సునకుఁ దోఁచిన శ్లోకమును దీసికొని ప్రసంగించును. ఏకేశ్వరారాధనమునుగూర్చి, విగ్రహారాధననిరసనమునుగూర్చి నూఱుమాఱులు వినియుందుము. అవి మనకు సమ్మతములే కావున సుఖముగా వినియుందుము. మన కొలువులోని సేవకుని కూలినిగూర్చి, మన యింటి వితంతువుయొక్క విద్యనుగూర్చి, మన పంక్తిని గూర్చుండరాని సోదరునిగూర్చి యెన్నిమాఱులు వింటిమి? మనకు నచ్చినదానినే యెన్నుకొనుచుండినచో, శాస్త్రము మనకు అద్దమగును గాని దీపము గాదు.

మఱియొక యపాయముకూడఁ గలదు. గ్రీకు దేవాలయమున జనులు వినిన భాష మొదటి శతాబ్దపు గ్రీకు. శతాబ్దములు గడచినకొలఁది వ్యవహారభాష మాఱెను, పఠనభాష మాఱలేదు. 1901లో అలెగ్జాండ్రోస్ పాల్లిస్ అనునాతని వ్యావహారికభాషాంతరము ఏథెన్సు నగరమున నొక వార్తాపత్రికలోఁ బ్రకటింపఁబడఁగా, అది పవిత్రభాషకు నవమానమని విద్యార్థులు మొదలైనవారు అల్లరి చేసిరి. ఆ యల్లరిలో ఎనమండుగురు మరణించిరి, మంత్రివర్గము పడిపోయెను, ఏథెన్సు మతాధిపతి పదవి విడిచెను. సామాన్యులకు వినిపించుటకై పెద్దయక్షరములతో వ్రాయఁబడిన వాక్యమును సామాన్యుల భాషలోఁ జెప్పినందుకు రక్తము చిందినది. ఇది వాక్యభక్తి కాదు. పుస్తకమును విగ్రహముగాఁ జేసికొన్న భక్తి. అర్థము తెలియక సంధ్యావందనము చేయు మనము ఏథెన్సువారిని జూచి నవ్వుట కధికారులము కాము.

కావున ఈ పాఠమునుండి మూఁడు కర్తవ్యములు తేలుచున్నవి. మొదటిది, ప్రతిసమాజమును, ప్రతికుటుంబమును సర్వమతగ్రంథములనుండి సంవత్సరమునకుఁ దగిన పఠనభాగములను ఆలోచించి యేర్పఱచుకొని, ఒకసారి యేర్పఱచిన పిదప సంవత్సరాంతమువఱకు దానిని మార్పక పాటింపవలెను. రెండవది, ఆ భాగములలో మనలను మెచ్చుకొనునవి యెన్నియో, మనలను మందలించునవియు నన్ని యుండవలెను. స్త్రీలును, పేదలును ఆ యెన్నికలోఁ బాలుపంచుకొనవలెను, ఏలయన మన లోపములు మనకంటె వారికే బాగుగాఁ దెలియును. మూఁడవది, చదివినది వినువారి భాషలో, బిగ్గరగా, తొందరపడక చదువవలెను. ఇంటిలోని వంటవానికిని, బాలికకును అర్థము కాని పఠనము పఠనమే కాదు.

వేయేండ్లకుఁ బూర్వము కాన్‌స్టాంటైన్ అను పురోహితుఁడు తన యెదుట లేనివారికొఱకు, ఇంకను బుట్టనివారికొఱకుఁ బెద్దయక్షరములు దిద్దెను. ఆ గ్రంథములోని ప్రతిమాటయు దోషరహిత మని మనము నమ్మము. కాని ఆ శ్రమము పవిత్రమని నమ్ముదుము. సర్వజాతుల హృదయములయందును సత్యమును బ్రకాశింపఁజేయు పరమేశ్వరుఁడు, మనము చదువునపుడు ధైర్యమును, వినునపుడు వినయమును, ఎన్నుకొనునపుడు నిష్పక్షపాతబుద్ధిని మనకుఁ బ్రసాదించుఁ గాక.